మూడు రద్దులు

ఐదేళ్ళుగా ఒక మాట మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా ఉండటానికి ప్రతిసారీ ఒక కారణం దొరికేది. కారణాలు వెతకడం నాకు బాగా వచ్చు. నువ్వెవరో నాకు తెలియదు, అందుకే నీతో చెప్పగలుగుతున్నాను.

మదనపల్లె పక్కన అంగళ్లులో ఇంజినీరింగ్ అయ్యాక నాకు ఉద్యోగం రాలేదు. సెలవులకు వచ్చేవాళ్ళకు ఇళ్ళు చూపించే ఆప్‌లు అప్పుడే మా వైపు అడుగుపెడుతున్నాయి. శని, ఆదివారాల్లో మా దగ్గరి చల్లటి కొండ చూడటానికి బెంగళూరు నుంచి జనం వచ్చేవాళ్ళు. మావాళ్ళకు గదులున్నాయి, ఆప్ తెలియదు. నాకు ఆప్ తెలుసు. మదనపల్లె చుట్టుపక్కల మూడు, పుంగనూరులో రెండు, కుప్పంలో ఒకటి, ఆరు ఇళ్ళ ఖాతాలు నా ఫోన్లోనే ఉండేవి. ఫోటోలు పెట్టడం, జవాబులివ్వడం, నిండిన తేదీలు మూయడం నా పని. తలుపు తీసి అన్నం పెట్టడం వాళ్ళ పని.

ఆరింటిలో రత్నమ్మ ఇంటికి మాత్రమే మెడల్ ఉండేది. అంగళ్లు దాటి కొండకు పోయే దారిలో, టమోటా తోట పక్కన రెండు గదులు ఆమెవి. మెడల్ అని పేరు పెట్టింది ఆమే. ఆప్‌లో ఇంటివాళ్ళ పేరు పక్కన కనిపించే చిన్న గుర్తు అది. దానికి నాలుగు షరతులు. వచ్చినవాళ్ళు ఇచ్చే స్టార్లు ఐదుకు దగ్గరగా ఉండాలి. అడిగినవాళ్ళకు ఆలస్యం లేకుండా జవాబు పోవాలి. ఏడాదిలో తగినన్ని బుకింగులు జరగాలి. ఒప్పుకున్న బుకింగును ఇంటివాళ్ళు రద్దు చేయడం దాదాపు ఉండకూడదు. మూడు నెలలకొకసారి కంప్యూటర్ చూసి ఇస్తుంది, లేదా తీసేస్తుంది. గుర్తు ఉన్న ఇల్లు ఆప్ జాబితాలో పైన కనిపిస్తుంది. గుర్తు పోయిన ఇల్లు ఎవరి వేలూ చేరనంత కిందికి పోతుంది.

"ముప్పై ఏండ్లలో మా ఇంటాయన ఒగనాడు కూడా సంగటి బాగుండాదనలే. మొగం తెలీని కంపెనీవాడు మెడలిచ్చినాడు సూడప్పా" అని ఆమె భర్త ఎదురుగానే అనేది.

"వాడు తినలేదు గదా" అనేవాడాయన.

ఐదేళ్ళ కిందట నేనూ ఒక ఇల్లు లీజుకు తీసుకున్నాను, ఆమె ఇంటికి కిలోమీటరు ఎగువన. రంగులు వేయించాను, పరుపులు మార్చాను, ఫోటోలు మళ్ళీ మళ్ళీ తీశాను. ఎప్పుడు వెతికినా ఆమె ఇల్లు పైన, నాది కింద. ఒక కాగితం మీద రెండు ఇళ్ళ వివరాలు పక్కపక్కన రాసి చూసుకున్నాను. నా ఇంట్లో ఇక బాగుచేయడానికి ఏమీ మిగల్లేదు. ఆమె కిందికి రావాలి, అంతే. ఆ మాట కాగితం మీద రాయలేదు. రాయకపోతే అనుకోనట్టేనా?

తర్వాత ఒక ఉదయం ఆమె ఫోన్ చేసింది.

"అప్పా, పెద్దమండ్యంలో మా బావ పోయినాడు. ఇంటాయనకు సొంత అన్న. పదకొండు దినాలు మాకు సూతకం. సూతకం ఇంట్లో పరాయోళ్ళకు అన్నం పెట్టకూడదు. ఆ వచ్చేటోళ్ళకు వద్దని సెప్పు."

"చెప్తాలేమ్మా."

"ఏమీ అనుకోకుండా సెప్పు. సావుకు ఎవురేం జేస్తారు?" మళ్ళీ తనే అడిగింది, "మెడలేమీ పోదు గదా?"

"పోదమ్మా."

ఆ మాట అన్నప్పుడు అది నిజం. తర్వాత దాన్ని అబద్ధం చేసింది నేను.

రద్దు నొక్కితే ఆప్ కారణం అడుగుతుంది. కారణాల వరుసలో 'ఇంట్లో మరణం' ఉంటుంది. అది ఎంచుకుని ఒక ఆధారం పంపితే ఆ రద్దు లెక్కలోకి రాదు. ఆధారం కూడా నా దగ్గరికే వచ్చింది. పదకొండో దినం కార్డు ఫోటో ఆమే వాట్సాప్‌లో పంపింది, నన్ను కూడా రమ్మని.

ఆ రోజుల్లో మూడు బుకింగులున్నాయి. మూడింటికీ దాని కింది వరుస నొక్కాను: 'ఇంటివాళ్ళకు వీలుపడదు'. ఒక్కసారైతే వేలు జారిందని ఈరోజు నీకు చెప్పేవాణ్ణి. మూడుసార్లు ఆ వరుస చదివాను. మూడుసార్లు దాటాను.

మెడల్ పోయింది. నా ఇల్లు పైకి వచ్చింది. ఆమె అడిగింది, "యాల పోయినాదప్పా?"

"రద్దు చేసినాం గదమ్మా. వాళ్ళకు చావులూ సూతకాలూ తెలీవు."

"వాళ్ళిండ్లలో సావులుండవా?"

ఆమె కోప్పడి ఉంటే నాకు బాగుండేది. కోప్పడలేదు, ఒక పాఠం నేర్చుకుంది. నేను నేర్పిన పాఠం. వారాల తరబడి గదులు ఖాళీగా ఉన్నాయి. ఎప్పుడో ఒక కుటుంబం వస్తే, మళ్ళీ ఎక్కడ తప్పు జరుగుతుందోనని ఆమె భయపడుతూ వడ్డించేది.

మరుసటి ఏడాది బైరెడ్డిపల్లెలో ఆమె సొంత అక్క చనిపోయింది. ఆ రోజు గదుల్లో ఆరుగురున్నారు, ఇంకా రెండు రోజులుంటారు. ఆమె నాకు ఫోన్ చేయలేదు. చేసి ఉంటే నేను నిజం చెప్పేవాణ్ణా? చెప్పేవాణ్ణనే ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చాను. చేయకపోవడం వల్ల అలా అనుకోవడం సులువైంది. అయినా ఎందుకు చేస్తుంది? జవాబు ఆమెకు ముందే తెలుసు. భర్తను పంపింది. తను ఉండిపోయి సంగటి కెలికింది, ఊరిబిండి పచ్చడి నూరింది. మూడో రోజు వాళ్ళు బయల్దేరాక బస్సెక్కింది. అప్పటికి అంత్యక్రియలు అయిపోయాయి, కడసారి చూపు లేదు.

ఆ ఆరుగురూ ఐదు స్టార్లు ఇచ్చారు. ఇంటావిడ దగ్గర కూర్చుని కొసరి కొసరి వడ్డించారని రాశారు. మొదట చదివింది నేనే. ఆమె ఖాతా నా ఫోన్లోనే కదా.

ఈసారి కంప్యూటర్ చూసిన ఏడాది లెక్కలో రద్దులు సున్నా, బుకింగులు ఎలాగో సరిపోయాయి. మెడల్ తిరిగి వచ్చింది. ఆ మాట చెప్పడానికి వెళ్ళినప్పుడే అక్క సంగతి తెలిసింది. "వచ్చినాదా?" అని మాత్రం అడిగింది. నాకు మజ్జిగ ఇచ్చింది. తాగాను.

నా లీజు ఇంటిని దాని యజమాని ఏడాది తిరక్కుండానే వెనక్కి తీసుకున్నాడు. ఇప్పుడు కుప్పంలో ఉద్యోగం చేస్తున్నాను. ఆమె ఆప్ ఇప్పటికీ నేనే చూస్తాను. నా అంత నమ్మకస్తుడు లేడని అందరితో చెబుతుంది. ఆమెకు తెలుగు చదవడం వచ్చు. ఇది ఆమె చేతికి చేరదన్న ధైర్యంతోనే రాస్తున్నాను, అదీ ఒప్పుకుంటున్నాను. రాస్తుంటే గుండె కాస్త తేలికవుతోంది. ఆ తేలిక నాకు దక్కాల్సింది కాదు.

ఆ కార్డు ఫోటో ఇంకా నా ఫోన్లోనే ఉంది. ఆ రోజు నొక్కాల్సింది ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను.

మొదటి రద్దు. కారణం: ఇంట్లో మరణం.

రెండో రద్దు. కారణం: ఇంట్లో మరణం.

మూడో రద్దు. కారణం: ఇంట్లో మరణం.