మీ ఇంట్లో ఎన్ని గీతలు?

మా కొండల్లో మనిషి ఎదురుపడితే ముందు క్షేమం అడగడం మర్యాద. నువ్వు బాగున్నావా, ఇంట్లోవాళ్లు బాగున్నారా, గొర్రెలు బాగున్నాయా అని వరసగా అడిగాకే అసలు మాట. సూయుంకుల్ మాత్రం ఏకంగా గీతలు అడుగుతాడు. "నీ సెల్లులో ఎన్ని గీతలున్నాయి?" అంటాడు. సిగ్నల్ గీతలన్నమాట. మూడని చెబితే "ఎంతసేపుంటాయిలే" అని పెదవి విరుస్తాడు. ఒకటే అంటే "నే చెప్పలా?" అంటాడు. అసలు లేవంటే, ఎవరో పోయినట్టు రెండు అరచేతులూ ముఖానికి రాసుకుంటాడు.

సూయుంకుల్ అంటే ఆనందానికి దాసుడని అర్థం. పేరు పెట్టినవాళ్లు ఆ పూట పిల్లవాడి మొహం చూసి ఉండరు. నవ్వు ఆ మొహం దాకా రాదని కాదు. బయల్దేరేది, దారిలో సిగ్నల్ అందక వెనక్కి పోయేది. ఒకప్పుడు సామూహిక వ్యవసాయ క్షేత్రంలో ట్రాక్టరు తోలాడు. క్షేత్రం పోయింది, ట్రాక్టరు పోయింది, దాని మోతని మించి అరిచే గొంతు మాత్రం మిగిలింది. భార్య పోయాక ఆ గొంతుకి ఇంట్లో పని లేకుండా పోయింది. మెడలో మూడు సెల్లులు, మేకపోతుకి గంటలు కట్టినట్టు వేలాడేవి. ఒకటి గుర్రం బొమ్మ కంపెనీది, ఒకటి గద్ద బొమ్మది, ఆఖరున చేరింది చంద్రవంకది. మా చోలోక్-సాయ్ రెండు కొండల మధ్య ఇరుక్కున్న ఊరు. ఒక కంపెనీ అందిన గడపకి ఇంకోటి అందదు. అందుకని మూడూ ఉండాలంటాడు.

పెళ్లికి పిలిస్తే పెళ్లికూతురికి మూడు గీతలున్నాయనీ, పెళ్లికొడుకు నిలబడ్డ చోట ఒకటే ఉందనీ, ఈ సంసారం ఎలా సాగుతుందో ఏమో అనీ బెంగపడ్డాడు. అది నవ్వుకోవడానికి బాగానే ఉంది. జిపార్ భర్త కూబాత్ పోయినప్పుడు చేసిన పని మాత్రం ఎవరికీ నవ్వు తెప్పించలేదు.

కూబాత్ గుండె ఆగి పోయాడు. మా ఆచారం ప్రకారం ముంగిట వేసిన గుడారంలో శవం, లోపల ఆడవాళ్ల శోకాలు, బయట కర్రలమీద వంగి "నా తమ్ముడా, నా తమ్ముడా" అని మగవాళ్ల ఏడుపు. ఆ వరసలో సూయుంకుల్ కూడా ఏడుస్తున్నాడు, కాకపోతే ఒక చెయ్యి ఆకాశంలోకి ఎత్తి. చేతిలో సెల్లు. అంతా అయ్యాక జిపార్ దగ్గరికొచ్చి, ఓదార్పు మాట ఒక్కటీ అనకుండా అడిగాడు.

"నీది ఏ కంపెనీ అమ్మాయ్?"

పక్కనున్న ఆడపడుచు చెప్పింది, "చంద్రవంక. అన్నయ్యే తీసుకున్నాడు."

"అయ్యో!" అన్నాడు సూయుంకుల్. చావు కబురు విన్నప్పుడు కూడా అంత బాధగా అనలేదట.

జిపార్ ఇల్లు ఊరు దాటాక, వాగు పైన, ఒంటరిగా ఉంటుంది. కూతుర్ని కనుమ అవతలికి ఇచ్చింది. కూబాత్ పోయాక ఆ ఇంట్లో మాట్లాడే ప్రాణి ఆవు ఒక్కటే, అది కూడా క్లుప్తంగా. ఆవిడ ఎవరింటికీ వెళ్లడం మానేసింది. ఆ ఏడు శీతాకాలం త్వరగా దిగింది. ఆకాశం ఇంటికప్పుమీదే చతికిలబడింది. పొద్దున్న లేస్తే బూడిద రంగు, పడుకునేటప్పుడూ అదే రంగు. ఆ మసకలో రోజూ మధ్యాహ్నం ఫోను మోగేది.

"హలో! జిపార్! వినిపిస్తోందా?"

"పక్క లోయకి కూడా వినిపిస్తోంది బాబాయ్. ఫోను అక్కర్లేదు."

"ఎన్ని గీతలు?"

"రెండు."

"నిన్న రెండున్నర అన్నావు?"

"అర గీత ఉండదు బాబాయ్."

"ఎందుకుండదు? మూడోది పడుతూ లేస్తూ ఉంటే అర కిందే లెక్క. సరే, ఏదైనా మాట్లాడు. ధ్వని చూడాలి."

"ఏం మాట్లాడను?"

"ఏం తిన్నావో చెప్పు."

"రొట్టె, టీ."

"అంతేనా? అదే, ధ్వని పీలగా ఉంది. నాలుగు ముక్కలు మాంసం తింటే మాట బాగా అందుతుంది." టక్కున పెట్టేసేవాడు.

కంపెనీవాళ్లు ఈయనకి జీతమిచ్చి సిగ్నల్ చూడమన్నారని జిపార్ అనుకుంది. ఊళ్లో చాలామంది అలాగే అనుకునేవాళ్లు. ఒకరోజు ఆవు తవుడు కోసం పట్నం వెళ్లినప్పుడు, చంద్రవంక దుకాణంలోకి వెళ్లి గట్టిగానే అడిగింది.

"మీ మనిషి నన్ను బతకనివ్వడం లేదు. రోజూ ఫోను చేసి ఏం తిన్నావంటాడు. ఇదేం ఉద్యోగం?"

బల్ల వెనకున్న పిల్ల, మేరిమ్, కంగారుపడింది. "మా తరఫున ఎవరూ అలా చెయ్యరక్కా."

"చేస్తున్నాడమ్మా. మెడలో మూడు సెల్లులు..."

మేరిమ్ తల పట్టుకుంది. "సూయుంకుల్ తాతా? ఆయన మా ఉద్యోగి కాదక్కా, మా పీడ! ప్లాను మారినప్పుడల్లా వచ్చి కూర్చుంటాడు. ఫ్రీ నిమిషాలంటే నిజంగా ఫ్రీయేనా, మధ్యలో మాట మారుస్తారా అని ప్రమాణం చేయిస్తాడు. మా సిమ్ము మాత్రం ఈమధ్యే తీసుకున్నాడు. సిమ్ము చిన్నది, ఆయన పాత సెల్లులో గూడు పెద్దది. సెల్లు మార్చుకో తాతా అంటే, సిమ్మునే పెంచి పెద్ద చెయ్యమన్నాడు. ఆఖరికి అగ్గిపెట్టె అట్ట కత్తిరించి, దానికి అతికించి దూర్చుకున్నాడు. విడ్డూరమేమంటే, పనిచేసింది!"

జిపార్‌కి ఒళ్లు మండింది. ఉద్యోగమైతే పోనీలే అనుకోవచ్చు. ఉద్యోగమూ కాదు, సద్యోగమూ కాదు. తన దుఃఖంలో తాను పడి ఉంటే, సరదా కోసం గీతలు అడుగుతున్నాడన్నమాట! తిరిగి వస్తూ తిన్నగా అతని గుమ్మం ముందు ఆగింది.

"బాబాయ్, ఇంక నాకు ఫోను చెయ్యకు."

"గీతలు లేవా?"

"గీతలున్నాయి. ఓపిక లేదు."

సూయుంకుల్ మెడలో సెల్లుల వైపు ఓసారి చూసుకున్నాడు. "సరే," అన్నాడు. ఆ ఒక్క మాటా మామూలు గొంతుతో అన్నాడు. అది ఆవిడకి అరుపు కంటే చేదుగా తగిలింది. అయినా ఇంటికెళ్లి ఆ నంబరు రాకుండా ఆపేసింది.

మధ్యాహ్నాలు నిశ్శబ్దమయ్యాయి. జిపార్ కోరుకున్నదే అది. కాకపోతే ఆ వేళకి పొయ్యి ముందు కూర్చుని, ఏం తిన్నానా అని తనలో తనే అనుకోవడం అలవాటైంది.

ఓ రోజు పొద్దుటినుంచీ ఎడతెరిపి లేకుండా మంచు. ఆవుకి గడ్డి దించుదామని నిచ్చెనేసుకుని కొట్టం కప్పుమీదికి ఎక్కింది. మెట్టుమీద మంచు గడ్డకట్టి ఉంది. కాలు జారడం తెలుసు, కిందపడడం తెలుసు, కాలు ఫటుక్కుమనడం కూడా తెలుసు. తర్వాత లేవబోతే కళ్లముందు చీకట్లు కమ్మాయి. కేకేస్తే మంచు ఆ కేకని అక్కడికక్కడే మింగేసింది. ఈ దారిన వచ్చే మనిషి లేడు, ఫోను లోపల కిటికీలో ఉంది.

అప్పుడు ఫోను మోగింది.

అతని చంద్రవంక నంబరు తను ఆపేసింది కదా, మరి ఇదెవరు? మోగి మోగి ఆగింది. మళ్లీ మొదలెట్టింది. జిపార్‌కి అర్థమైంది. "ఇంకో నంబరునుంచి చేస్తున్నావా ముసలాడా!" అని పళ్లు నూరింది. ఆ వెంటనే, "చెయ్యి బాబాయ్, చెయ్యి, ఆపకు," అని ఏడ్చింది. ఫోను ఆగిపోయింది. ఆ తర్వాత మంచు పడే చప్పుడు తప్ప ఏమీ లేదు. మంచుకి చప్పుడుండదు. ఆవిడ దాన్నే వింటూ పడి ఉంది.

మోకాళ్లదాకా దుప్పటిలా మంచు కప్పుకుపోయాక, గుర్రం బుసకొట్టడం వినిపించింది. వెనక చెక్కబండి. ముందు సూయుంకుల్, కనుబొమల నిండా మంచు, మెడలో గంటల్లా మూడు సెల్లులు.

"ఇక్కడ సిగ్నల్ పోయిందేమో చూద్దామని వచ్చాను," అన్నాడు, నేలమీదున్న మనిషిని చూస్తూ. "నే చెప్పలా? అసలీ ఏడాదే మంచిది కాదు."

కాలికి రెండు కర్రలు కట్టాడు. గొర్రెతోళ్లలో చుట్టి బండిమీద పడుకోబెట్టాడు. ఆవుకి గడ్డేశాడు. ఇంట్లోకెళ్లి ఆవిడ ఫోను తెచ్చి చేతిలో పెట్టాడు.

"నేనొద్దన్నాను కదా బాబాయ్," అంది జిపార్, పళ్లు టకటకలాడుతుంటే.

"అన్నావు. అయినా చేశాను. ఎప్పుడు చేసినా ఎంగేజే. పోనీలే, ఎవరితోనో మాట్లాడుకుంటోంది, మంచిదే అనుకున్నాను. ఇవాళ మంచు మరీ ఎక్కువగా ఉంది, మాట వినాలనిపించింది. గుర్రంనుంచి చేశాను, మోగింది. గద్దనుంచి చేశాను, మోగింది. తియ్యలేదు. ఎంగేజు వచ్చినా బాగుండేది."

జిపార్ గొర్రెతోలు మొహం మీదికి లాక్కుంది.

బండి దిగువకి సాగింది. వాగు మలుపు దగ్గర ఒక బండరాయి పక్కన సూయుంకుల్ గుర్రాన్ని ఆపాడు.

"ఏమైంది?"

"ఇక్కడ గద్దా గుర్రమూ రెండూ అందుతాయి. ఆలస్యమైపోయింది, ఇంకా ఇద్దరున్నారు."

"నా కాలు విరిగింది బాబాయ్!"

"తెలుసు. ఒక్క నిమిషం." సెల్లు చెవికి పెట్టుకున్నాడు. "హలో! ఉల్జాన్ అవ్వా! వినిపిస్తోందా?"

అవతల ముసలి గొంతు బండిదాకా వినిపించింది. "బతికే ఉన్నావట్రా! వేళ దాటిపోయేసరికి నువ్వే పోయావనుకుని దువా చదవడం మొదలెట్టాను!"

"ఎన్ని గీతలు?"

"నాకు కళ్లు కనబడవని నీకు తెలీదూ? నువ్వే ఏదో ఒకటి వేసుకో."

"పొయ్యి మండుతోందా?"

"మండుతోంది."

"అయితే మూడు," అని పెట్టేశాడు. వెంటనే గుర్రం బొమ్మ సెల్లు తీశాడు. "హలో! తోకోబాయ్! ఎన్ని గీతలు?"

తోకోబాయ్ పై మేతభూమిలో శీతాకాలమంతా మందతో ఒక్కడే ఉండే కాపరి. ఉల్జాన్ అవ్వకి ముందూ వెనకా ఎవరూ లేరు. జిపార్ తోలు కిందినుంచి అన్నీ వింది. ఊళ్లో అంతమందికి ఫోన్లుంటే, ఇంట్లో రెండో మనిషి ఉన్నవాళ్లకెవరికీ ఈయన ధ్వని పరీక్ష లేదు. ఆవిడకి అది అప్పుడు తట్టింది.

"బాబాయ్, అందరికీ ఒకే సెల్లునుంచి చెయ్యొచ్చుగా?"

"గుర్రంనుంచి గుర్రానికే ఫ్రీ. గద్దకి గద్దనుంచే. అడ్డంగా చేస్తే నా పింఛను వారంలో హారతి కర్పూరమే."

"మరి చంద్రవంక ఎవరెవరికి?"

సూయుంకుల్ గుర్రాన్ని అదిలించాడు. "ఎవరెవరికేమిటి, నువ్వొక్కదానివే. చెత్త కంపెనీ. సిమ్ము కూడా గూట్లో పట్టదు. మీ ఆయన మంచివాడే గానీ, అందులో మాత్రం తెలివి చూపించలేదు."

కూబాత్ పోయాక అతన్ని అలా తిట్టినవాళ్లు లేరు. అందరూ పొగిడి పొగిడి అతన్ని రాయిని చేసేశారు. జిపార్‌కి ఎన్నాళ్లకో నవ్వొచ్చింది. నవ్వితే కాలు నొప్పి పుట్టింది. కాలు నొప్పికి ఏడుపొచ్చింది. మూడూ కలిసి వస్తుంటే బండి పట్నం దారి పట్టింది.

జిపార్ ఆపేసిన నంబరు మళ్లీ తెరిచింది, మధ్యాహ్నాలు ఫోను మళ్లీ మోగసాగింది. కాలు అతుక్కునేసరికి మంచు కరిగింది. ఊరికి కొత్త టవరు వచ్చింది. మూడు కంపెనీలూ కలిసి దాన్నే పంచుకున్నాయట. పాత బటన్ సెల్లులకి కూడా అందేలా పెట్టారట. మీట నొక్కగానే ప్రతి ఇంట్లో గీతలు నిండుగా పడ్డాయి. వాగులో, కొట్టంలో, ఆఖరికి శ్మశానంలో కూడా. ఊరంతా కలిసి పొట్టేలు కోసి పండగ చేసుకుంది.

"ఇంక నీకు పని లేదు సూయుంకుల్!" అని భుజం తట్టారు.

అతను సెల్లు తీసి చూసుకున్నాడు. నిండుగా ఉన్నాయి. ఇంకోటి చూశాడు. అదీ నిండే. ఎంతసేపుంటాయిలే అని కూడా అనలేదు. పళ్లెంలో మాంసం చల్లారిపోయింది. ముందుగా లేచి ఇంటికెళ్లిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం జిపార్ ఫోను మోగలేదు. చూసి చూసి ఆవిడే ఉల్జాన్ అవ్వకి చేసింది.

"నీకు చేశాడా అవ్వా?"

"లేదే. గీతలన్నీ ఉన్నాక ఏమని అడుగుతాడు పాపం. నోరు తెరిచి ఎలా ఉన్నారని అడగడం వాడికి పుట్టుకతోనే రాదు."

"మరిప్పుడేం చేద్దాం?"

"ఉన్న గీతలు లేవనడం పాపమంటావా?"

"ముల్లాగారిని అడిగితే తెలుస్తుంది."

"వద్దులే. ఆయన లేనిపోనివి చెబుతాడు. నువ్వు మొదలెట్టు, నీ వెనక నేనున్నా."

జిపార్ చంద్రవంక నంబరు నొక్కింది. రెండోసారి మోగకుండానే తీశాడు.

"బాబాయ్, ఇదేం టవరు? మా ఇంట్లో ఒక్క గీతా లేదు!"

"లేదా?" గొంతు ఒక్కసారిగా ట్రాక్టరెక్కింది. "అసలు లేదా? నా మాట వినిపిస్తోందా?"

ఆ మాట గదిలో పక్కన కూర్చుని అన్నంత స్పష్టంగా ఉంది.

"ఒక్క ముక్క వినిపించడం లేదు."

"ఒక్క ముక్క కూడానా?"

"ఊహూఁ."

"నేను అనుకుంటూనే ఉన్నాను! కొత్తవి ఎప్పుడూ ఇంతే. నువ్వేం బెంగపడకు, రేపు మధ్యాహ్నం మళ్లీ చేసి చూస్తాను. రేపూ వినిపించకపోతే ఎల్లుండి... ఉండుండు, గద్ద మోగుతోంది!" సూయుంకుల్ ఇంకో సెల్లు చెవికి పెట్టుకుని విని, మళ్లీ ఈ సెల్లులోకి అరిచాడు, ఇంట్లో మనవడు పుట్టిన కబురు చెప్పేవాడిలా.

"జిపార్! ఉల్జాన్ అవ్వకి కూడా సిగ్నల్ పోయిందట!"