అరువు గొంతుతో విసితాసియోన్

మాద్రిద్‌లోని కారబాంచెల్ బజారులో చేపల కొట్టు ముందుకొచ్చి "వరసలో ఆఖరెవరమ్మా?" అని విసితాసియోన్ అడిగినప్పుడల్లా జనం వెనక్కి తిరిగి చూసేవాళ్లు. మొహం చూసి గుర్తుపట్టేవాళ్లు. గొంతు విని అనుమానపడేవాళ్లు.

"జలుబు చేసిందా అమ్మా?" అనేది చేపలమ్మే ఫెర్మీనా.

"లేదు."

"మరి గొంతేంటి అలా ఉంది?"

"నా గొంతే అంత. పుట్టినప్పటి నుంచీ."

"ఊరుకోండమ్మా! మీ సినిమాలు చూడలేదా ఏంటి నేను? మాట్లాడితే తేనె కారేది. సాయంత్రం కాస్త నిమ్మరసం తాగండి."

విసి పళ్లు బిగబట్టి చేపల సంచీ అందుకుని వచ్చేసేది.

ఆ తేనె డబ్బింగ్ చెప్పే ఒతీలియాది. అల్బసేతే దగ్గర కుంకుమపువ్వు పండే పల్లె నుంచి విసి మాద్రిద్ వచ్చిన రోజుల్లో సినిమాలు మాటల్లేకుండా తీసి, తర్వాత చీకటి గదిలో గొంతులు అతికించేవారు. విసికి కళ్లున్నాయి, నడకుంది, అడిగిన చోట ఏడవగల నేర్పుంది. గొంతు మాత్రం మొద్దు రంపంతో ఎండుకట్టె కోసినట్టుండేది. పైగా పల్లె యాస. మొదటి సినిమా దర్శకుడు ఆమె మాట విని చెవి గోక్కుని, "అమ్మాయీ, నువ్వు పెదాలు కదుపు చాలు" అన్నాడు. అంతే. ఆ తర్వాత విసి పనిమనిషి వేసినా, సన్యాసిని వేసినా, రెండో పెళ్లాం వేసినా మాట్లాడింది ఒతీలియాయే. ఒకసారి ఎవరి అంత్యక్రియల్లోనో ఇద్దరూ ఎదురుపడ్డారు.

"ఎలా ఉన్నావే, నా మొహమా?" అంది ఒతీలియా.

"బాగానే ఉన్నానే, నా గొంతూ" అంది విసి.

ఒతీలియా మీద ఆమెకు కోపం లేదు. నవ్వుతూ పొద్దుతిరుగుడు గింజలు నమిలే మనిషి మీద కోపమెలా వస్తుంది? చికాకంతా లోకం మీదే.

మొగుడు లౌరేయానో బస్సు డ్రైవరు. పెళ్లైన కొత్తలో ఆమె సినిమాకు వెళ్లి, సగంలో లేచి వచ్చేశాడు. "ఆ మాట్లాడేదెవరో నాకు తెలీదు. దాన్ని నేను పెళ్లి చేసుకోలేదు" అన్నాడు. అయినా ఆ తర్వాత ప్రతి సినిమాకూ వెళ్లేవాడు, కనీసం మొహమైనా చూసుకోవచ్చని. ముసలితనంలో చక్కెర జబ్బు అతని కళ్లు తీసుకుపోయింది. మధ్యాహ్నాలు టీవీలో పాత సినిమా వేస్తే, "ఇదిగో, వచ్చింది మహాతల్లి" అని కట్టేయమనేవాడు. పెళ్లాం నటి. ఆమె నటన ఒక్కసారైనా ఆమె గొంతులో వినకుండానే పోతానని అతని బాధ. ఆ బాధ కూడా తిట్లలాగే చెప్పేవాడు.

అందుకే, రోజూ నాలుగింటికి వచ్చే కొత్త సీరియల్లో మామ్మ వేషం ఉందని కబురొస్తే, విసి కథ కూడా అడగకుండా ఒప్పుకుంది. సీరియల్ వాళ్లు నటిస్తుండగానే గొంతు కూడా రికార్డు చేస్తారు.

"ఈసారి నేనే" అంది ఇంటికొచ్చి.

"ఒట్టు?"

"ఒట్టేంటయ్యా? ఒతీలియా పోయి ఎన్నేళ్లైంది! ఇక ఎవరొస్తారు?"

మొదటి భాగాలు తీశాక కొందరు ఆడవాళ్లను పిలిచి చూపించారు. వాళ్లందరిదీ ఒకటే ఫిర్యాదు. ఆవిడకు వేరెవరి గొంతో పెట్టి మోసం చేస్తున్నారని.

నిర్మాత ఇన్యీగో, కుర్రతనం వదలని మనిషి, ఆమెను గదికి పిలిచాడు. "అమ్మా, కథ కొంచెం మార్చాం. మామ్మకు పక్షవాతం వస్తుంది. మాట పడిపోతుంది. మీ కళ్లు చాలమ్మా, కళ్లతోనే చంపేస్తారు."

"ఎవర్ని చంపాలో నాకిప్పుడు బాగా తెలుసు నాయనా" అంది విసి.

భోజనాల బల్ల దగ్గర మామ్మ "ఉప్పు ఇలా ఇవ్వండి" అని ఒరిగిపోవాలి. ముందు తీసిన భాగాలు పక్కన పెట్టేశారు, ఆమెకు మిగిల్చిన మాట అదొక్కటే. రోజుకో భాగం తీసే చోట ఒక సన్నివేశాన్ని రెండోసారి తీయరు. పైగా రెండు కావస్తోంది, తిండికి వెళ్లే వేళ దాటితే కెమెరా వాళ్లు ఊరుకోరు. విసికి ఇదంతా తెలుసు. ఉప్పు అడగలేదు. నోటికొచ్చిందంతా అని, ఆ తర్వాతే ఒరిగింది. దర్శకుడు గడియారం చూసుకుని, తిట్టుకుంటూ, సరే అన్నాడు.

ప్రసారమయ్యే రోజు లౌరేయానో గడ్డం గీయించుకుని టీవీ ముందు కూర్చున్నాడు. విసి పక్కనే. గిన్నెల చప్పుడు వినిపించింది. ఆ తర్వాత, ఉన్నట్టుండి, వయొలిన్లు. తెర మీద మామ్మ పెదాలు కదులుతున్నాయి. ఆ వాయింపు తప్ప ఏమీ వినబడదు.

"నువ్వెప్పుడొస్తావు?"

"వచ్చాను. ఉన్నాను."

"ఏదీ? ఎవరో ఫిడేలు వాయిస్తుంటే!"

"కోసేశారయ్యా! వెధవలు, కోసేశారు!" విసి లేచి నిలబడింది. తెర మీద పెదాలు ఇంకా ఆడుతున్నాయి. ఆ పెదాల వెంటే ఆమె అందుకుంది. "ఈ పప్పులో ఉప్పు లేదు, ఈ ఇంట్లో సిగ్గు లేదు! పొద్దున్నుంచీ పొయ్యి దగ్గర చచ్చింది నేను, వంకలు పెట్టేది మీరా? మీకు నా మొహం కావాలి, నా చేతి వంట కావాలి, నేను నోరు తెరిస్తే మాత్రం తలనొప్పి! తినండి! మాట్లాడకుండా తినండి!"

తెర మీద మామ్మ ఒరిగిపోయింది. విసి ఆయాసపడుతూ కూర్చుంది.

లౌరేయానో టీవీ వైపు నుంచి ఆమె వైపు తిరిగాడు. "ఇది నిజంగా సీరియల్లోదేనా," అన్నాడు, "లేక నన్ను తిట్టావా?"

"రెండూ."

"బాగుంది" అన్నాడతను. మొహం పక్కకు తిప్పుకున్నాడు.

మర్నాటి నుంచి ఆమె పొద్దున సెట్లో మూగదానిలా కుర్చీలో కూర్చుని కళ్లతో నటించి, మెట్రో పట్టుకుని నాలుగింటికల్లా ఇల్లు చేరేది. తెర మీద మామ్మ కనిపించగానే ఇంట్లో గొంతెత్తేది. కోడల్ని కడిగేసేది, మనవడికి బుద్ధి చెప్పేది, సీరియల్లో చచ్చిన మొగుణ్ని తలుచుకుని ఏడ్చేది. రచయితలు రాయని ఆ మాటలన్నీ లౌరేయానో, బతికున్నంత కాలం, ఒక్కడే విన్నాడు.

"మెల్లగా మాట్లాడవే," అని విసుక్కునేవాడు, "మిగతావాళ్లేమంటున్నారో విననీ."

"అక్కర్లేదు. వాళ్లు చెప్పేదేం లేదు."