మా తాతయ్య కాచిన కాఫీ

నా చిన్నప్పటి ఊరిని రైలే పుట్టించింది. మలయాలో, కనుచూపు మేర గడ్డి తప్ప ఏమీ లేని మైదానంలో, బొగ్గింజను నీళ్లు పట్టుకోవడానికి ఆగేది. దిగిన ప్రయాణికులకు ఆకలి వేసేది. అలా స్టేషన్ ఎదుట మొదట ఒక చీనా ఆయన కాఫీ అంగడి వచ్చింది, పక్కనే మా తాతయ్య ఇడ్లీ, వడల అంగడి వెలిసింది. అంగడి యజమానిని అక్కడ తౌకే అనేవారు. తౌకే టిఫిన్లు అమ్మడు, మా తాతయ్య కాఫీ కాచడు. నోటిమాటగా కూడా అనుకోని ఆ ఒప్పందం మీదే రెండు పొయ్యిలూ వెలిగేవి.

తౌకేకు పిల్లలు లేరు. గింజలు వేయించే వెనక వసారాలోకి నన్నొక్కణ్ణే రానిచ్చేవాడు. చివర్లో పంచదార, వెన్న, కాస్త ఉప్పు వేసి, పొగ రంగు చూసి బాణలి దించేవాడు. తర్వాత నావైపు చూసి పెదవుల మీద వేలు పెట్టుకునేవాడు.

ఒకరోజు తాతయ్య నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, వేడి వడ చేతికిచ్చి, ఆ కాఫీకి అంత రుచి ఎలా వస్తుందని అడిగాడు. నేను చెప్పనని తల అడ్డంగా ఊపాను.

"ఓరి పిచ్చోడా, నేనెవరికి చెప్తాన్రా?"

అంతే. గరిటె పట్టుకుని, తౌకే చేసినట్టే చేసి చూపించి మరీ చెప్పేశాను. "నీ కళ్లే కళ్లురా నాయనా!" అన్నాడు తాతయ్య. ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి.

కొద్ది రోజులకే మా అంగట్లో కాఫీ వాసన వచ్చింది. అదే వాసన. ప్రయాణికులు తిన్నచోటే తాగి రైలెక్కేశారు. తౌకే బల్లలు ఖాళీగా ఉండిపోయాయి.

"ఎవరికీ చెప్పనన్నావు కదా తాతా!" అని ఏడ్చాను.

"చెప్పలేదు కదరా. కాచానంతే," అని ఆయన నవ్వాడు. తింటున్నవాళ్లూ నవ్వారు.

నేనే చెప్పానని ఒప్పుకుందామని తౌకే దగ్గరకు పరిగెత్తాను. అలవాటుగా వెనక్కి వెళ్లబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. ముందున్న బల్ల చూపించి, "ఇంగె ఉక్కారు తంబి. కస్టమర్ ఇంగె," అని తనకొచ్చిన కాస్త తమిళంలో, కస్టమర్లు కూర్చునే చోటే కూర్చోమన్నాడు. తిట్టలేదు. కాఫీ తెచ్చి పెట్టాడు. నేను అది తాగి, ఏమీ చెప్పకుండానే తిరిగొచ్చాను. వానలు మొదలయ్యేసరికి తౌకే అంగడి మూసి ఊరు విడిచి వెళ్లిపోయాడు.

తాతయ్య నన్ను వాడుకున్నాడన్న మంట ఏళ్ల తరబడి మోశాను. అందులో నాకొక సుఖం కూడా ఉండేది, తప్పంతా ఆయనదే అయిపోయేది కాబట్టి. కానీ ఆ రోజు నా నోరు తెరిపించింది ఒక్క మెప్పు కోసం నాకున్న ఆరాటం. తర్వాత పట్నం వెళ్లి తంజోంగ్ పగార్‌లో ఉద్యోగం చేసినప్పుడు, తోటివాళ్లు నమ్మి చెప్పిన మాటలు పైవాళ్లకు చేరవేసిందీ ఆ ఆరాటంతోనే. అక్కడ నన్నెవరూ మోసగించలేదు.

ఇప్పుడు సెంగ్‌కాంగ్ ఫ్లాట్‌లో మనవరాలు నా చెవిలో ఏదో చెప్పి, "తాతా, డోంట్ టెల్ డాడీ లా," అంటుంది ఇక్కడి పిల్లల యాసలో. అన్నం దగ్గర మా అబ్బాయి మెల్లగా అడుగుతాడు. "ఏమంది నాన్నా? నేనెవరికీ చెప్పనులే."

ఈ వయసులోనూ నాకు నోరు దురద పెడుతుంది. "దాన్నే అడుగురా," అని కంచం ముందు నుంచి లేచి వెళ్లిపోతాను.