రెండోసారి బాబాయి

ఎదుటివాళ్ళు ఏ మాటన్నా దాన్ని రెండోసారి చెప్పకపోతే బాబాయికి తోచదు. తన మాటలు కావు, అచ్చంగా ఎదుటివాళ్ళవే. పోస్టుమాన్ గుమ్మంలో నిలబడి "ఉత్తరం" అంటే చాలు, ఇంట్లోకి తిరిగి "ఉత్తరం వచ్చిందంటున్నాడు" అని చాటింపు వేస్తాడు. పిన్నిని డాక్టరు దగ్గరికి తీసుకెళితే, డాక్టరు "నాలుక చాపండి" అనగానే "నాలుక చాపమంటున్నారు" అని ఈయన ప్రకటిస్తాడు. బస్సులో కండక్టరు "ముందుకు జరగండి" అని ఒక్కసారి అరిస్తే రెండో అరుపు బాబాయిది. ఓ కండక్టరు ఆయన్ని ఎగాదిగా చూసి, "బాబూ, ఈ బస్సుకి మీరా నేనా?" అని అడిగాడు. "మీరా నేనా అంటున్నాడు" అన్నాడు బాబాయి, పక్క సీట్లోని పిన్నితో.

రెండోసారి బాబాయి అని పేరు పెట్టింది ఆయన అన్నగారి కూతురే. ఆ అమ్మాయికి వైర్లమ్మాయి అని పేరు పెట్టి పిన్ని బాకీ తీర్చేసుకుంది. బాబాయికి రేడియోలూ మైకులూ బాగుచేసే కొట్టుంది. పిన్ని ఓ బడిలో పిల్లలకి నాట్యం నేర్పుతుంది. క్లాసు జరిగినంతసేపూ ఆమె ఎడమ పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు బాబాయి. పిల్లలు సందేహం అడిగితే మళ్ళీ వల్లించేవాడు. చూసినవాళ్ళు, పాపం ఆవిడ ఎలా భరిస్తోందో అనుకునేవాళ్ళు.

ఆయనతో పెద్ద చిక్కు హాస్యం దగ్గర వచ్చేది. ఎవరైనా జోకు చెబితే అందరూ పగలబడి నవ్వుతుండగా, బాబాయి పిన్ని వైపు వంగి ఆ చివరి మాట మళ్ళీ చెప్పేవాడు. అందరి నవ్వూ ఆగాక పిన్ని ఒక్కతే హాయిగా నవ్వేది. మొగుడు చెబితేగానీ నవ్వదు, ఎంత అన్యోన్యమో అని చుట్టాలు ముచ్చటపడేవాళ్ళు. వైర్లమ్మాయి మాత్రం ముచ్చటపడలేదు. ఆ పిల్ల జోకుల్ని ఆయన అలా ఇరవై ఏళ్ళుగా చంపుతున్నాడు మరి.

ఆ ఏడు బడి వార్షికోత్సవానికి పిన్ని నాట్యానికి తాళం వేసే పని వైర్లమ్మాయికి వచ్చింది. ఆమె వాయించేది మాడ్యులర్ సింథసైజర్. అంటే ఒక్క వాయిద్యం కాదు, చెక్క చట్రంలో బిగించిన బోలెడు చిన్న చిన్న పెట్టెలు. ఒకటి డోలులా మోగుతుంది, ఒకటి మంద్రంగా గుమ్మంటుంది, ఒకటి గంటలా ఖణేలుమంటుంది. వీటన్నిటికీ పెద్దదిక్కు గడియారం పెట్టె. అది టిక్ అన్నప్పుడల్లా వైర్ల మీదుగా చిన్న కరెంటు దెబ్బ వెళుతుంది. అది అందుకుని మిగతావి పలుకుతాయి. పదహారు టిక్కులకోసారి గంట మోగాలి, గంట మోగగానే పన్నెండుమంది పిల్లలూ గిర్రున తిరగాలి.

మొదటి రిహార్సల్లో అంతా బాగుంది, గంట తప్ప. ఓసారి మోగుతుంది, రెండుసార్లు అలుగుతుంది. గంట మోగక పిల్లలు తిరగలేదు. పిన్ని కోప్పడింది.

"ఎందుకు తిరగలేదర్రా?"

"గంట మోగలేదు టీచర్."

"గంట మోగలేదంటున్నారు" అన్నాడు బాబాయి.

"అయ్యో, మోగలేదా? నేను చూసుకోలేదు" అంది పిన్ని.

గంటని చూసుకోవడమేమిటో వైర్లమ్మాయికి అర్థం కాలేదు. కానీ అప్పుడామె బెంగ వేరు. గంట పెట్టెని ఊపి చూసింది, ఊది చూసింది, తిట్టింది, బతిమాలింది. దానికి ఏమీ పట్టలేదు. ప్రదర్శన నాలుగు రోజుల్లో ఉంది. దానికి తోడు కొత్తగా వచ్చిన పెద్దమేడం గది చివర నిలబడి, "ఈ సారి నాట్యం కుదరకపోతే వచ్చే ఏడు వేరే టీచర్ని చూసుకుంటాం" అన్నారు. ఆ ఒక్క మాటని బాబాయి రెండోసారి చెప్పలేదు. పెద్దమేడం ఏమన్నారని పిన్ని అడిగితే, "బాగా చేయమంటున్నారు" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే వైర్లమ్మాయి ఆ చట్రాన్ని చంకనెత్తుకుని కొట్టుకి వెళ్ళింది. "బాబాయ్, గంట పెట్టె చచ్చింది. దీన్ని మార్చేయాలి" అంది.

"ఎవరు చెప్పారు?"

"మోగట్లేదుగా!"

"మోగకపోతే చచ్చినట్టేనా? ముందు దానికి కబురు అందుతోందో లేదో చూశావా?"

బాబాయి వైర్లన్నీ పీకేశాడు. గడియారం పెట్టెకీ గంట పెట్టెకీ మధ్య ఒకే ఒక్క వైరు కలిపాడు. గంట ఖణేలుమంది. ఒక్కటి కూడా తప్పలేదు. వైర్లమ్మాయికి తల కొట్టేసినట్టయింది.

"ఇప్పుడు ఒక్కొక్కటే కలుపుతాను, చూస్తూ ఉండు. ఏది కలిపితే మారిందో, ఏది తీస్తే మారిందో, దాన్ని పట్టుకోవాలి. రిపేరంటే అంతే. మిగతాదంతా స్క్రూలు విప్పడం."

తెర మీద కరెంటు దెబ్బల ఎత్తు చూపించే మీటరు ఒకటి తెచ్చిపెట్టాడు. ఒక్క పెట్టెకే వైరు ఉన్నప్పుడు దెబ్బ ఐదు వోల్టులుంది. డోలు కలిపితే నాలుగుకి దిగింది. ఇంకో రెండు కలిపేసరికి మూడు. ఐదో వైరు కలపగానే రెండున్నర దగ్గర కూలబడింది. గంట పెట్టె మూడు దాటితేగానీ ప్రతిసారీ పలకదు.

"అంటే నేనే దీని నోరు నొక్కేశానన్నమాట" అంది వైర్లమ్మాయి.

"నువ్వొక్క కొళాయికి ఐదు గొట్టాలు తగిలించావు. చివరివాడికి ధార సన్నబడింది. వాడి తప్పేముంది? వాడికి సగం వినపడుతుంది, సగం వినపడదు. అందుకే ఓసారి మోగాడు, ఓసారి మోగలేదు. నువ్వేమో వాణ్ణి పట్టుకుని చచ్చాడన్నావు." ఆ మాట అంటున్నప్పుడు బాబాయి కాస్త గట్టిగానే అన్నాడు.

సొరుగులోంచి అగ్గిపెట్టంత డబ్బా ఒకటి తీసి మధ్యలో కలిపాడు. దాన్ని బఫర్ అంటారట.

"ఇదేం చేస్తుంది?"

"టిక్ అని వింటుంది. విన్నది విన్నట్టు అందరికీ మళ్ళీ నిండుగా చెబుతుంది. సొంత కవిత్వం కలపదు."

ఐదు పెట్టెలూ ఒక్కసారిగా పలికాయి. ఐదుకి ఐదూ నిండా ఐదు వోల్టులు. వైర్లమ్మాయి ఎగిరి గంతేసింది. ఇంటికి నడుస్తుంటే మాత్రం మనసులో ఏదో గుచ్చుకుంది. ఈ పూట ఏదో తక్కువైంది. ఏమిటది? వీధి చివర్లో తట్టింది. కొట్టుకి ముగ్గురు వచ్చి ఏదేదో అడిగి వెళ్ళారు, ఒక్కరి మాటా బాబాయి రెండోసారి చెప్పలేదు.

అదేదో తేల్చేలోగా పెద్దమేడం నుంచి ఫోను వచ్చింది. "రేపటి రిహార్సల్‌కి మీ బాబాయిగారు రాకపోతే బాగుంటుందమ్మా. ఆయనుంటే నా మాటలు నాకే వినాల్సి వస్తోంది."

వైర్లమ్మాయి నసుగుతూ ఆ కబురు చేరవేసింది. బాబాయి మొహం చిన్నబోయింది. కొంచెంసేపు ఓ నట్టుని అటూ ఇటూ తిప్పాడు. "సరే, రాను. నువ్వు మాత్రం మీ పిన్నికి ఎడమ పక్కన కూర్చో" అన్నాడు.

"ఎడమ పక్కనే ఎందుకు?"

"అక్కడ గాలి బాగా వస్తుంది" అన్నాడు బాబాయి. అబద్ధమాడటం ఆయనకి చేతకాదు. ఆ గదిలో కిటికీలు కుడివైపున ఉన్నాయి.

వైర్లమ్మాయి ఎక్కడా కూర్చోలేదు, పెట్టెల దగ్గర నిలబడింది. గంట ఠంచనుగా మోగింది. పిల్లలు గిర్రున తిరిగారు. ఆమె మురిసిపోతూ ఉండగానే ఓ పిల్ల చేయెత్తి, "టీచర్, ఇక్కడ ఆగాలా?" అంది.

"ఆఁ, ఊగండి, ఊగండి!" అంది పిన్ని.

పన్నెండుమందీ గాలికి చెట్లలా ఊగసాగారు. ఒక పిల్ల ఊగుతూనే, "ఎంతసేపు టీచర్?" అని అడిగింది.

"ఇంత పైకి" అంది పిన్ని, చేయెత్తి చూపిస్తూ. అందరూ చేతులెత్తి ఊగారు.

పెద్దమేడం గబగబా వచ్చి, "ఏమండీ, ముందువరస కుర్చీలు తీయించమంటారా?" అన్నారు.

"కర్చీఫులా? వద్దండీ, అడ్డం పడతాయి" అంది పిన్ని నవ్వుతూ.

పెద్దమేడం నవ్వలేదు. చేతిలోని పుస్తకంలో ఏదో రాసుకున్నారు. పిన్ని నవ్వు మెల్లగా ఆరిపోయింది. ఆమె చూపు ఎడమ పక్కనున్న ఖాళీ కుర్చీ మీద పడింది.

వైర్లమ్మాయి అది చూసింది. యంత్రం బాగుంది, పిల్లలు బాగున్నారు. మొన్నటికీ ఇవాళ్టికీ తీసేసింది ఒక్కటే. చూసుకోలేదన్న గంట, రెండోసారికి నవ్విన నవ్వులు, డాక్టరూ కండక్టరూ అన్నీ వరసగా గుర్తొచ్చి ఆమెకి చెంపలు వేసుకోవాలనిపించింది. ఇరవై ఏళ్ళు జోకులు చంపుతున్నాడని తిట్టుకుంది. ఆయన వాటిని ఇంకో మనిషికి అందిస్తున్నాడు.

పరుగున వెళ్ళి ఎడమ కుర్చీలో కూలబడింది. "కుర్చీలు! ముందువరస కుర్చీలు తీయించాలా అని అడుగుతున్నారు పిన్నీ!"

"ఓ, తీయించండి తీయించండి. పిల్లలకి చోటు చాలదు" అంది పిన్ని తేరుకుని.

పెద్దమేడం వైర్లమ్మాయిని తేరిపార చూశారు. "ఇది మీ ఇంట్లో అందరికీ ఉందా?"

"అందరికీ ఉందా అంటున్నారు" అంది వైర్లమ్మాయి.

ఆ సాయంత్రం కొట్టుకి వెళ్ళి ఆమె బాబాయిని నిలదీసింది. ఆయన ముందు దగ్గాడు, తర్వాత స్పీకరు విప్పాడు, చివరికి ఒప్పుకున్నాడు. "మీ పిన్నికి కుడిచెవి ఎప్పుడో పోయింది. ఎడమది సగం. నాకు తెలుసని ఆవిడకి తెలీదు. నన్ను వాగుడుకాయ అంటే నాకేం పోయింది? ఆవిడకి వినపడదని తెలిస్తే నాట్యం మాన్పించేస్తారే. నువ్వు నోరు జారకు."

"జారను. కానీ రేపు నువ్వు వస్తున్నావు."

ఆమె పెద్దమేడానికి ఫోను చేసి, గడియారం పెట్టెకి దగ్గర్లో ఓ మనిషి లేకపోతే సిగ్నలు సన్నబడిపోతుందని గంభీరంగా చెప్పింది. పెద్దమేడానికి ఒక్క ముక్క అర్థం కాలేదు గనక ఒప్పుకున్నారు.

ప్రదర్శన అదిరిపోయింది. పదహారు టిక్కులకోసారి గంట మోగడం, మోగినప్పుడల్లా పన్నెండు పరికిణీలు గిర్రున విచ్చుకోవడం. తెర పక్కన బాబాయి మోగిన ప్రతి గంటకీ వేలు ఎత్తుతున్నాడు, పిన్ని ఆ వేలునే చూస్తోంది. చప్పట్లు ఆగలేదు. పెద్దమేడం ఆ హోరులోనే వచ్చి పిన్ని చేతులు పట్టుకున్నారు.

"చాలా బాగుందండీ! వచ్చే ఏడు కూడా మీరే!"

"వచ్చే ఏడు కూడా నువ్వేనంటున్నారు" అన్నాడు బాబాయి.

పిన్ని ఆయన్ని చూసింది, పెద్దమేడాన్ని చూసింది. "ఒక్క మాట చెప్పాలండీ. నాకు చెవులు సరిగా వినపడవు. అందుకే ఈయన ఊళ్ళోవాళ్ళ చేత మాటలు పడుతూ ప్రతిదీ రెండోసారి చెబుతారు. నాకు తెలీదనుకుంటారు."

చప్పట్ల గోలలో పెద్దమేడానికి అందలేదు. "ఆఁ? ఏమన్నారు?" అంటూ అలవాటుగా బాబాయి వైపు తిరిగారు.

బాబాయి నోరు తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి, చెప్పబోయినా ఆయన నోట రెండోసారి రాలేదు. కళ్ళజోడు తీసి చొక్కాతో తుడవడం మొదలుపెట్టాడు.

"పిన్నికి చెవులు సరిగా వినపడవట!" అని వైర్లమ్మాయే గొంతు చించుకుని అరిచింది. సరిగ్గా అప్పుడే చప్పట్లు ఆగాయి. హాలంతా విన్నది.

పెద్దమేడం ఒక్క క్షణం కళ్ళార్పారు. "ఓస్, ఇంతేనా? నేనింకా ఆయనకి మతి చలించిందేమో అనుకుంటున్నాను. ఎవరక్కడ? రేపట్నుంచి క్లాసులో టీచరుగారి ఎడమ పక్కన ఓ మంచి కుర్చీ వేయండి, చేతులున్నది."

"ఏమంటున్నారు?" అంది పిన్ని.

బాబాయి కళ్ళజోడు పెట్టుకుని, గొంతు సవరించుకున్నాడు. "చేతులున్న కుర్చీ వేస్తారట నాకు" అన్నాడు.

"అదేం, మీ సంగతైతే రెండోసారి చెప్పరేం?" అంది పిన్ని ఆటపట్టిస్తూ.