గోడ కట్టమన్నది ఎవరు

మొన్న సాయంత్రం మా అపార్టుమెంట్లో ఎవరో పసిబిడ్డకి దిష్టి తీసి ఎండుమిరపకాయలు నిప్పుల మీద వేసినట్టున్నారు. ఆ ఘాటు మెట్లెక్కి నా గదిలోకి వచ్చేసరికి చేతిలో పేపరు పక్కన పడేసి తలుపులన్నీ మూసుకుని కూర్చున్నాను. దిష్టి ఉంటే ఘాటు రాదంటారు. ఆ లెక్కన ఆ బిడ్డకి ఏ దిష్టీ లేదు, నాకే ఏదో ఉంది.

ఆ ఘాటులోనే పెరిగాను నేను. డెబ్బయిల మొదట్లో తిరువూరు పక్కన మా తాతయ్య పొలాల్లో మిరప పండేది. మాఘం వచ్చేసరికి కల్లం నిండా ఎర్రగా ఆరబోసిన కాయలు, ముక్కుదాకా గుడ్డలు కట్టుకుని తాలుకాయలు ఏరే ఆడకూలీలు, వాళ్ల తుమ్ములు, ఆ తుమ్ముల మధ్యే పాటలు, మధ్యాహ్నం మామిడికాయ పప్పూ మజ్జిగన్నం పట్టుకొచ్చే మా నాయనమ్మ గాజుల చప్పుడు, ఉగాది దగ్గరపడితే కల్లం అంచున రాలి పరుచుకునే వేపపువ్వు. తాతయ్య అరుగు మీద పడక్కుర్చీలో చుట్ట కాలుస్తూ ఊరి తగవులు తీర్చేవాడు. ఎవరినీ గట్టిగా కసిరి ఎరగడు. కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడంటే తీర్పు అయిపోయిందని అర్థం, ఎదుటివాళ్లు లేచి వెళ్లిపోయేవాళ్లు.

ఆడపిల్లలం తొక్కుడుబిళ్ల ఆడేవాళ్లం, అష్టాచెమ్మా ఆడేవాళ్లం, పెద్దవాళ్లు చూడనప్పుడు పూనకం ఆట ఆడేవాళ్లం. జడ విప్పుకుని, వేపమండ పట్టుకుని ఊగిన పిల్ల ఏమడిగితే అది మిగతావాళ్లు ఇవ్వాలి. అలా నేను ఒకసారి మా పెద్దనాన్న కూతురి కొత్త రిబ్బన్లు కొట్టేశాను.

అసలు పూనకం కోటమ్మది. మా పొలంలో కూలికి వచ్చే మనిషి. సన్నగా, నల్లగా, ఉన్నదో లేదో తెలియనట్టు తిరిగేది. ఏడాదంతా మా అరుగు ముందు నుంచి చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్లేది. ఉగాది వెళ్లిన మంగళవారం ముత్యాలమ్మ జాతరలో మాత్రం ఆమె మీదికి అమ్మవారు వచ్చేది. అప్పుడు ఆమె మొగుడే పసుపునీళ్లతో ఆమె కాళ్లు కడిగేవాడు. మా తాతయ్య తలపాగా తీసి ఎదురుగా నిలబడేవాడు. తాతయ్య తల్లి పోయాక ఆయన్ని 'ఒరేయ్' అని పిలిచే గొంతు ఊళ్లో అదొక్కటే, అదీ ఏడాదికి ఒక్కరోజు.

ఒక ఏడు పుష్యమాసంలో కోటమ్మ పెద్దకూతురు మా మిరపతోట బావిలో పడి చనిపోయింది. కూలీలకి మంచినీళ్లు తేవడం ఆ పిల్ల పని. బావికి చుట్టూ గోడ లేదు, నేలకు సమానంగా నోరు తెరుచుకుని ఉండేది, మంచులో అంచు కనపడలేదు. మూడోరోజు నుంచే నీళ్లబిందె రెండోకూతురు సీతాలు నెత్తికెక్కింది. ఎనిమిదేళ్ల పిల్ల. కోటమ్మ అరుగు కిందకి వచ్చి, బావికి గోడ కట్టించండి అయ్యగారూ అని అడిగింది. పంట అమ్మాక చూద్దాంలే అన్నాడు తాతయ్య, కళ్లద్దాలు తుడుచుకుంటూ.

జాతరనాడు డప్పులు ఒక్కసారి ఆగిపోయాయి. కోటమ్మ ఊగడం లేదు. కదలకుండా నిలబడి, రెప్ప వేయకుండా తాతయ్యనే చూస్తోంది. ఆ చూపుకి నేను నాయనమ్మ చీర కుచ్చిళ్ల వెనక్కి పోయాను. "ఒరేయ్, నా బిడ్డని మింగిన బావికి గోడ కట్టరా" అంది. గొంతు పెద్దది కూడా కాదు. తాతయ్య చేతులు జోడించి, కట్టిస్తాను తల్లీ అన్నాడు.

నాలుగు రోజుల తర్వాత కల్లంలో కోటమ్మ పక్కన చేరి, అమ్మవారు వచ్చినప్పుడు నీకు తెలుస్తుందా అని అడిగాను. నా ఆటకి పనికొస్తుందని. ఆమె కాయలు ఏరుతూనే, ఒక్కోసారి తెలవదనీ, కానీ గోడ మాట మాత్రం తనే అన్నాననీ, ఒళ్లంతా తెలిసే అన్నాననీ, ఎవరికీ చెప్పొద్దనీ చెప్పింది. నా నోట్లో నువ్వుగింజ నానదని నాయనమ్మ ఊరికే అనేది కాదు. ఆ రాత్రే అన్నాల దగ్గర, నాకెంత పెద్ద విషయం తెలుసో చూడండన్నట్టు చెప్పేశాను.

పొద్దున్నే కోటమ్మని పిలిపించారు. కాదు అంటుందనే అందరూ అనుకున్నారు. తాతయ్య కూడా అదే కోరుకున్నాడని ఇప్పుడు అనుకుంటాను. ఆ మాట నువ్వే అన్నావటగా అని అడిగాడు.

"నేనే అన్నానండి. బిడ్డ నాది గదండి."

ఆమె మొగుడు కాళ్లు కడిగిన చేతులతోనే నోరు మూసుకున్నాడు. తాతయ్యకి కోపం రాలేదు, అదే నాకు ఇప్పటికీ భయం. ఆమెని జాలిగా చూశాడు. పాపం, బిడ్డ పోయిన దిగులుతో దీనికి మతి చలించింది అన్నాడు. కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

ఆమెని మా గొడ్లసావిట్లో గుంజకి కట్టారు. పక్క ఊరి నుంచి మంత్రగాడు వచ్చాడు. నిమ్మకాయ రసం నడినెత్తిన రుద్దడం, నిప్పుల మీద మిరపకాయలు వేసి ఆ పొగలోకి మొహం వంచడం, ఎవరన్నారు చెప్పు అని అడగడం. రెండు రోజులు ఆ సావిట్లోంచి దగ్గూ, దగ్గు మధ్యలో 'నేనే' అనే మాటా వినిపించాయి. పశువులు మేత మానేశాయి. నేను దుప్పటి ముసుగేసుకుని, కాదని చెప్పవే అని లోపల్లోపల బతిమాలుకున్నాను. నావల్లే అని ఎవరితోనూ అనలేకపోయాను.

మూడోరోజు మా నాయనమ్మ మజ్జిగ పట్టుకుని లోపలికి వెళ్లింది. నేను వెనకే ఉన్నాను. "అమ్మవారే అన్నదని చెప్పవే. గోడ కట్టించే పూచీ నాది. నీళ్లకి ఇప్పుడు సీతాలు పోతంది, చూసుకో" అంది. కోటమ్మ మజ్జిగ తాగలేదు. తడికె సందులోంచి కనపడే పొలంకేసి చూసింది. సాయంత్రం మంత్రగాడు అడిగినప్పుడు, "అమ్మే అంది. కోటమ్మ ఏం అనలేదు" అని చెప్పింది.

నయమైపోయిందన్నారు. తలంటి, కొత్త కోక కట్టబెట్టి, ఊరంతా సంతోషపడ్డారు. నేనూ గంతులేశాను. పదిరోజుల్లో నడుమెత్తున గోడ లేచింది. దానికి ఒక రాయి: ముత్యాలమ్మ తల్లి ఆజ్ఞ మేరకు అని, కింద తాతయ్య పేరు.

కోటమ్మ ఆ తర్వాత తనని తాను 'నేను' అనుకోగా వినలేదు. కోటమ్మకి దాహమేస్తందండి అనేది. కోటమ్మ ఇంటికి పోతందండి అనేది, పక్కన ఇంకెవరో నిలబడి ఉన్నట్టు. నేను భయపడి అటూ ఇటూ చూసేదాన్ని. మిగతావాళ్లకి అందులో ఏ వింతా కనపడలేదు. దానికిప్పుడు ఎంత అణకువ వచ్చిందో అని మెచ్చుకునేవాళ్లు.

పోయిన ఎండాకాలం ఆ ఊరు వెళ్లాను. కల్లం ఉన్నచోట ఇళ్ల స్థలాల రాళ్లు పాతారు. బోర్లు వచ్చాక బావి పూడ్చేశారు, కూలీల పాటలు లేవు, పొగ వేసిన మంత్రగాడి పేరు కూడా ఎవరికీ గుర్తులేదు. గోడలో రాయి ఉన్న ముక్క మాత్రం ఉంచారు, పసుపు పూసి దండం పెట్టుకుంటున్నారు. బొట్లు పెడుతున్న ముసలావిడ సీతాలు. నన్ను గుర్తుపట్టి చేతులు పట్టుకుంది. వాళ్లమ్మ పోయి ఇరవయ్యేళ్లు దాటిందట. యాభై ఏళ్లుగా నాలో ఉన్నది ఆగలేదు. ఆ మాట అమ్మవారిది కాదు సీతాలూ, మీ అమ్మదే, నాతో చెప్పింది అన్నాను.

ఆమె నా చేతులు వదిలేసింది.

"అంటే మా అమ్మ పిచ్చిదంటారా అమ్మాయిగోరూ?"

ఆ ఊళ్లో అమ్మవారి మాట, పిచ్చిదాని మాట, ఆ రెండే ఉన్నాయి, మూడోది ఎవరూ మిగల్చలేదు. కాదు కాదు, చిన్నప్పటి సంగతి కదా, నేనే మరిచిపోయాను, అమ్మవారే అంది అన్నాను. సీతాలు ఊపిరి పీల్చుకుని నవ్వి, నా నుదుట బొట్టు పెట్టింది. ఆ మాట కోటమ్మదని తెలిసిన మనిషి ఈ లోకంలో నేనొక్కదాన్నే, నేనూ కాదని వచ్చాను.