ఉరకొద్దన్న నోరు

మా వీధిలో పడుగు సాగదీసినప్పుడు కోళ్లు కూడా గోడవారనే నడుస్తాయి. ధర్మవరంలో పట్టు నేసే ఇళ్ల మధ్య పెరిగినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. తక్కినవాళ్ల కోసం చెబుతున్నాను. చీరలో నిలువుగా పోయే దారాలే పడుగు. మగ్గానికి ఎక్కించేముందు వాటిని వీధి ఈ చివర నుంచి ఆ చివరకు గుంజలకు కట్టి సరిచేస్తాం. ఒక పిల్ల కాలు తగిలిందంటే పోగులు తెగుతాయి, వాటిని అతికేసరికి మా వేళ్లు అరిగిపోతాయి. అందుకని మా పిల్లలకు నడక రాకముందే కూర్చోవడం నేర్పుతాం.

నా కూతురికి మరీ బాగా నేర్పాను. మగ్గం గుంట పక్కన చాప వేసి, చేతిలో కారం చిప్స్ ప్యాకెట్, ఒళ్లో ఫోను పెడితే చాలు, పూట గడిచిపోయేది. లేవబోతే "ఉరకొద్దే" అని ఒక్క కేక. ఎంత బుద్ధిమంతురాలో అని వీధంతా మెచ్చుకుంటుంటే నేను పొంగిపోయేదాన్ని. తొమ్మిదేళ్లు వచ్చేసరికి బూరెల్లాంటి బుగ్గలు తేలాయి. మాతోనే ఉండే మా నాయన ఆ బుగ్గలు గిల్లి, "మన వంశంలో ఇంత ఒళ్లు ఎవురికుండాది మా? ఈ పిల్లను చూసి కరువే పారిపోయింది" అని మురిసిపోయేవాడు. ఆయన కంబదూరు పక్క పల్లెలో ఒక్క సంగటి ముద్దను అన్నదమ్ములతో పంచుకుని పెరిగినవాడు. ఆయనకు ఆ బుగ్గలే పండిన పంట.

అలాంటి పిల్లకు బరువు ఎక్కువని బడికొచ్చిన నర్సమ్మ చీటీ రాసి పంపింది. నాకు ఒళ్లు మండింది. మగ్గం దిగి, కొంగు బిగించి, నేరుగా బడికి పోయాను.

"ఏమమ్మా, మా బిడ్డ తినేది నీ ఇంట్లోనా? నాలుగు మెతుకులు తిని ఒళ్లు చేస్తే నీకు కళ్లమంటా?" అన్నాను. ఇంకా చాలా అన్నాను, రాయడానికి సిగ్గేస్తోంది.

నర్సమ్మ అంతా విని, "తిండి మాన్పించమని నేను చెప్పలేదక్కా. మీ వీధి పిల్లోళ్లలో సగం మందికి ఇదే చీటీ రాసినా. నాలుగు మెట్లెక్కితే ఆయాసపడతాండారు. వాళ్లు యాడ ఆడుకుంటారు?" అని అడిగింది.

చీటీ కొంగున ముడేసుకుని ఇంటిదారి పట్టాను.

ఆ సాయంత్రమే నా కూతురు ఏడుస్తూ ఇంటికొచ్చింది. ఖోఖోలో చేర్చుకోం పొమ్మన్నారట. ప్యాకెట్ చేతికిస్తే పక్కన పెట్టేసింది. "నాకు ఉరికేది రాదు మా. నువ్వెప్పుడూ ఉరకొద్దనే అంటివి గదా" అంది. నింద వేసినట్టు కాదు, ఉన్నమాట చెప్పినట్టు. నా ప్రాణం చివుక్కుమంది.

మర్నాడు నర్సమ్మను నేనే మా వీధికి పిలుచుకొచ్చాను. అందరం చేరి బాగా అరుచుకున్నాం. మగ్గాల చప్పుడు మీద మాట్లాడి మాట్లాడి మా గొంతులే అంత. చివరికి ఒక మాట మీదికొచ్చాం. పడుగు పని పొద్దున్నే ముగించాలి. బడి వదిలినప్పటి నుంచి దీపాలు పెట్టేదాకా వీధి పిల్లలది. బండ్లు మూల మీదే ఆపాలి. మూల అంగడి భాయి ప్యాకెట్ల దండలు దించేసి, ఉడకబెట్టిన శనక్కాయలు పెడతానన్నాడు. "నేను పెడతా అక్కా. మీరు మాత్రం ప్యాకెట్ల కోసం దొంగగా పక్క వీధికి పంపొద్దు" అన్నాడు. అందరం నేల చూశాం.

మొదటి సాయంత్రం పిల్లలు వచ్చారు. వచ్చి గోడవారన నిలబడ్డారు. ఒకరి వెనక ఒకరు గోడ పట్టుకుని ఆ చివరిదాకా నడిచి, మళ్లీ గోడ పట్టుకునే తిరిగొచ్చారు. వీధి మధ్యలో పడుగు లేదు, అయినా ఒక్కరూ అక్కడ కాలు పెట్టలేదు. నర్సమ్మ తెల్లబోయింది. మేము నవ్వాలో ఏడవాలో తెలియక చూస్తుంటే, మా నాయన పంచె ఎగ్గట్టి వీధి నడిమధ్య పరుగందుకున్నాడు. డెబ్బై ఏళ్ల మనిషి.

"ఏమప్పా, పడుగు యాడుండాది? నన్ను పట్టుకోండి చూద్దాం" అన్నాడు.

పిల్లలు గొల్లున నవ్వి ఆయన వెంటబడ్డారు. ఆ వీధిలో అంత రొద నేనెప్పుడూ వినలేదు, విని ఎంత హాయిగా ఉందో చెప్పలేను. నా కూతురు మాత్రం పది అడుగులు వేసి ఆగి, నా వైపు చూసి, గోడ దగ్గరికి వెళ్లిపోయింది. ఆ తర్వాత కూడా రోజూ అంతే. పది అడుగులు, నా వైపు ఒక చూపు. "పోవే, ఎవరొద్దన్నారు" అని నేను విసుక్కునేదాన్ని.

ఒక ఆదివారం పొద్దున పెళ్లి చీర పడుగు వీధిలో సాగదీశాం. మా ఆయన పని మీద కదిరికి పోయాడు. మా సీమలో వాన రాదనే ధైర్యంతోనే అన్ని పనులూ చేస్తాం. ఆ రోజు వచ్చింది. పట్టు తడిస్తే రంగు కారుతుంది. ఆ చివర ముడి విప్పితేనే ఈ చివర చుట్టగలం. నేనూ నాయనా ఈ గుంజ దగ్గర చిక్కుపడి ఉన్నాం. అది చూసి నా కూతురు అరుగు దూకి, ఆ చివరి ముడి వైపు పరిగెత్తింది.

"ఉరకొద్దే" అని నా నోరు అరిచింది. తొమ్మిదేళ్ల అలవాటు.

పిల్ల టక్కున ఆగిపోయింది. వీధి సగంలో, పడుగు పక్కన, వెనక్కి తిరిగి నన్నే చూస్తోంది. ఇంకో నాలుగు చినుకులు రాలాయి. గడపల్లో పిల్లలందరూ నిలబడి చూస్తున్నారు.

"ఏంటికి ఆపితివి మా?" అన్నాడు నాయన.

ఆడుకోమని రోజూ విసుక్కున్నాను గానీ, ఆ ఒక్క మాటను నేనెప్పుడూ వెనక్కి తీసుకోలేదు. "ఉరుకు" అన్నాను. వానలో పిల్లకు వినబడలేదు. మళ్లీ వీధంతా వినబడేలా అన్నాను. "ఉరుకు నా తల్లీ, ఉరుకు."

ఉరికింది. జడ ఎగురుతుంటే, ఒక్క పోగును తాకకుండా ఆ చివరిదాకా ఉరికింది. ముడి విప్పి, పడుగు కొసను గుండెకు హత్తుకుని, మేము చుట్టేకొద్దీ మా వైపు నడిచి వచ్చింది. కొస కొంచెం తడిసింది. తడవనీ అనుకున్నాను. ముఖమంతా ఎర్రబడి, రొప్పుతూ, నవ్వుతూ నా ముందు నిలబడింది.

ఎదురింటి పిల్ల వానలోనే గడప దిగి వచ్చి, "సాయంత్రం ఖోఖోకు మా పక్క రావే" అంది.

నా కూతురు నా వైపు చూడలేదు. "వస్తా" అంది.