ఐదు వారాల మోకాలు

సిడ్నీకి పడమటి వైపున్న ఆ పార్కు ఇప్పుడు లేదు. మూసేసి చాలా ఏళ్ళయింది. ఆ స్థలంలో కిటికీలు లేని గోదాములు లేచాయి. స్కోఫీల్డ్స్‌లోని మా ఇంటి నుంచి అటు కారులో వెళ్ళినప్పుడల్లా నేను మెడ తిప్పి చూస్తాను. "అక్కడ ఏముందని చూస్తావు?" అంటారు మా ఆయన. చెప్పడం మొదలుపెడితే మాత్రం రేడియో పెడతారు. అందుకే రాస్తున్నాను.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీ తెలియక ఆగిపోతాయని లోకం భయపడిన రోజుల్లో నాకు గిరాకీ వచ్చింది. హైదరాబాదులో ఒక ప్రభుత్వ సంస్థలో పదహారేళ్ళు కోబాల్ అనే పాతకాలపు కంప్యూటర్ భాషలో ప్రోగ్రాములు రాశాను. నన్ను చూసి, ఇంకా కోబాలేనా అని నవ్వినవాళ్ళు అక్కడే ఉండగా, నలభై రెండేళ్ళ వయసులో నేను సిడ్నీలో ఒక ఇన్సూరెన్స్ కంపెనీ కాంట్రాక్టు మీద విమానం ఎక్కాను. నా వెనకాలే మా ఆయన కామర్సు లెక్చరరు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, అమ్మాయిని తీసుకుని వచ్చారు. వచ్చి బ్రెడ్డు ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనిలో చేరారు. వీసా నా ఉద్యోగానికి ముడిపడి ఉంది. అది పోతే ముగ్గురం ఇరవై ఎనిమిది రోజుల్లో దేశం వదలాలి. మార్చి నెలాఖరుకి కాంట్రాక్టు అయిపోతుంది. పొడిగిస్తారో లేదో ఎవరూ పెదవి విప్పడం లేదు.

సరిగ్గా అప్పుడు, జనవరిలో, వానకు తడిసిన రైల్వే స్టేషన్ మెట్ల మీద జారాను. మోకాలి కీలు మధ్య మెత్తలాంటి పొర చిరిగిందన్నారు. చిన్న కన్నాలు పెట్టి ఆపరేషన్ చేశారు. ఆ సంగతి ఆఫీసులో చెప్పలేదు. మా పాత సంస్థలో 'మెడికల్లీ అన్‌ఫిట్' అని ఫైలు మీద రాస్తే ఆ మనిషి పని అయిపోయినట్టే. ఇక్కడ మాత్రం వేరేలా ఎందుకుంటుంది అనుకున్నాను. ఇండియా నుంచి మా మేనమామ వచ్చాడు, ఊరు చూపించాలి అని పది రోజులు సెలవు పెట్టాను. మా మేనేజరు అరవైకి దగ్గరపడిన ఆస్ట్రేలియన్, నెమ్మదస్తుడు. నేను తిరిగి వచ్చాక రోజూ మేనమామ కులాసా అడిగేవాడు. ఒకరోజు వాళ్ళావిడ నారింజ తొక్కలతో చేసిన మార్మలేడ్ జామ్ సీసా కూడా ఇచ్చాడు, మేనమామ కోసమని. లేని మేనమామ మార్మలేడు తినలేడు కాబట్టి మా ఆయన తిన్నారు.

చేతికర్రతో నన్నెవరూ చూడకూడదని అందరికంటే ముందు ఆఫీసుకి వెళ్ళేదాన్ని. అందరూ వెళ్ళాక కుర్చీలోంచి లేచేదాన్ని. నా శ్రద్ధకి మేనేజరు ముచ్చటపడి మీటింగులో మెచ్చుకున్నాడు కూడా.

ఇంతలో, కంప్యూటర్లేవీ ఆగలేదు కనుక, మా టీముకి కృతజ్ఞతగా కంపెనీ వాళ్ళు మార్చి మొదట్లో ఒక ఆదివారం ఆ థీమ్ పార్కులో కుటుంబాలకి విందు ఏర్పాటు చేశారు. పోస్టులో టికెట్లు వచ్చాయి.

"వెళ్ళకపోతే ఏమవుతుంది?" అన్నారు మా ఆయన.

"వెళ్ళకపోతే ఎందుకు రాలేదని అడుగుతారు."

"వెళితే ఎందుకు కుంటుతున్నావని అడుగుతారు."

"కుంటను."

"నీ మోకాలు నీతో వాదించలేదనా?"

కార్ పార్కింగులోనే కర్రని డిక్కీలో పడేశాను. ఆయన మాత్రం తన సంచిలో, మడతపెట్టిన తువాలు మధ్య, ఫ్రీజర్లో గట్టిపడిన బఠాణీల పొట్లం పెట్టుకుని వచ్చారు. వాపు వస్తే మోకాలి మీద పెట్టమని, ఆపరేషన్ తర్వాత వ్యాయామాలు నేర్పే ఫిజియో చెప్పిందది. ఆ ఎండలో, ఆ సంచిలోంచి నీళ్ళు కారుతూ, గేటు దాటాం.

మధ్యాహ్నం దాకా బాగానే నెట్టుకొచ్చాను. కూర్చునే పనులన్నీ వెతుక్కున్నాను. కోఆలాల దగ్గర ఇరవై నిమిషాలు కూర్చున్నాను. అవి నిద్రపోతున్నాయి, నేను వాటిని గమనిస్తున్నట్టు నటిస్తున్నాను. భోజనాలయ్యాక మేనేజరు లేచి చప్పట్లు కొట్టాడు. "టీమంతా కలిసి పెద్ద రోలర్ కోస్టర్ ఎక్కుదాం. ఒకే బండిలో. ఫోటో తీస్తారు, ఆఫీసులో పెడదాం."

చెక్కతో కట్టిన కొండలాంటిదది. బండి పైకి లాగుతుంటే గొలుసు టకటకమని ఊరంతా వినిపించేది. నా పథకం సిద్ధంగా ఉంది. పైదాకా వెళతాను, ఎక్కేముందు 'అమ్మో నాకు ఎత్తంటే భయం' అంటాను. పిరికిదని ఎవరూ ఉద్యోగం తీసేయరు కదా. ముప్పైకి పైగా మెట్లు. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు బాగులేని కాలు ముందు అని ఫిజియో నేర్పిన పాఠం మనసులో చదువుకుంటూ, కమ్మీ పట్టుకుని ఎక్కాను. వెనకాల మా అమ్మాయి. మా ఆయన సంచితో భోజనాల దగ్గరే ఉండిపోయారు. ఈ దేశం వచ్చి ఏడాదిన్నరకే తెలుగు వినడం వరకే, జవాబులు ఇంగ్లీషులో.

"అమ్మా, యూ ఆర్ స్వెట్టింగ్."

"ఎండ."

"వి ఆర్ ఇన్ ద షేడ్."

పైన గేటు దగ్గర పద్దెనిమిదేళ్ళు కూడా నిండినట్టులేని పిల్ల, యూనిఫాం టోపీలో, నన్ను ఆపింది. నేను కమ్మీని పట్టుకున్న తీరు చూసిందో, చుడీదారు కింద కట్టు ఉబ్బెత్తుగా కనిపించిందో, ఈ మధ్య మీకేమైనా ఆపరేషన్ అయిందా అని అడిగింది. పక్కనున్న బోర్డు చూపించింది. గుండెజబ్బు ఉన్నవాళ్ళూ, గర్భిణులూ, ఈ మధ్య సర్జరీ అయినవాళ్ళూ ఎక్కకూడదు.

ఇక్కడ నేను భయం అనాలి. అదీ పథకం. కానీ ఒక బోర్డు మీద సగం సగం రాసిన నియమం కనిపిస్తే నేను ఊరుకోలేను.

"ఈ మధ్య అంటే ఎప్పుడు?" అన్నాను.

"అంటే... ఈ మధ్యే."

"అది జవాబు కాదమ్మా. పదేళ్ళ కిందట అయినవాళ్ళని ఆపుతావా?"

"ఆపను."

"ఏడాది కిందట?"

"తెలీదు. బహుశా ఆపను."

"అంటే ఎక్కడో ఒక గీత ఉంది. ఆ గీత ఎక్కడుందో నీకే తెలీదు. మరి ఐదు వారాల కిందట అయిన నా మోకాలి ఆపరేషను ఆ గీతకి ఇటువైపే ఉందని ఎవరు తేల్చారు?"

"అమ్మా," అంది మా అమ్మాయి, "జస్ట్ స్టాప్ టాకింగ్."

అప్పటికే ఆలస్యమైంది. వాదన నేను గెలిచాను. ఆ పిల్ల మాత్రం గేటు తియ్యలేదు. నా వెనక మెట్ల మీద టీమంతా ఉంది, రెండు మెట్ల కింద మేనేజరు. అందరూ విన్నారు.

దిగాలి. దిగడానికి వచ్చిన మెట్లే. ఆ వరస మొత్తం ఒక పక్కకి ఒదిగి నాకు దారి ఇచ్చింది. హైదరాబాదు పాతబస్తీ నుంచి వచ్చిన మా సహోద్యోగి, నన్ను అక్కా అనడానికి ఆపా అని పిలిచే మనిషి, తన వంతు వదులుకుని ముందుకు వచ్చాడు.

"పరేషాన్ గాకుండ్రి ఆపా. నేను ముంగట దిగుత. పడితే నా మీదనే పడుండ్రి."

"నీ భుజాలు చూస్తే పడబుద్ధి కావడం లేదయ్యా."

"ఏం జేస్తం ఆపా, ఉన్నయి గివే."

బాగులేని కాలు ముందు, ఆ వెనక బాగున్నది. ఒక్కొక్క మెట్టుకీ ఒక్కొక్క ముఖం. కింద బెంచీ మీద కూలబడ్డాను. అతను మళ్ళీ పైకి వెళ్ళాడు. మేనేజరు కూడా రైడు ఎక్కకుండా వచ్చి పక్కన కూర్చున్నాడు.

"అయితే మీ మేనమామ?" అన్నాడు.

"లేడు."

"మార్మలేడ్?"

"మా ఆయన తిన్నారు. బాగుందన్నారు."

నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. నొచ్చుకున్నాడు. "నాతో చెప్పి ఉండాల్సింది," అన్నాడు. అప్పుడు నాకు నోరు పెగిలింది. కాంట్రాక్టు, వీసా, ఇరవై ఎనిమిది రోజులు, స్కూలు మారితే ఏడ్చే అమ్మాయి, రాజీనామా ఇచ్చి వచ్చిన లెక్చరరు, అన్నీ చెప్పేశాను. కుంటేదాన్ని ఎవరు పనిలో ఉంచుకుంటారు అని అడిగాను.

"బుధవారం దాకా చెప్పకూడదు," అన్నాడు. "పొడిగింపులు లేవు. ఎవరికీ. టీమునే ఎత్తేస్తున్నారు, నాతో సహా. నీ మోకాలికీ దానికీ సంబంధం లేదు."

ఐదు వారాలు దాచిన కర్ర, కల్పించిన మేనమామ, చీకటితో వెళ్ళి చీకటితో వచ్చిన రోజులు, అన్నీ ఎందుకూ కొరగాకుండా పోయాయి. కోపం రావాలి. వచ్చింది కూడా. అయితే ఆ కోపంలోనే, ఇన్నాళ్ళూ అడగడానికి భయపడినది అడిగేశాను. పర్మనెంట్ రెసిడెన్సీ దరఖాస్తు నింపి సొరుగులో పెట్టుకున్నాను. దానికి ఇక్కడ నేను చేసిన పని గురించి మేనేజరు సంతకంతో ఒక ఉత్తరం కావాలి. అడిగితే, వెళ్ళిపోవాలని చూస్తున్నానని అనుకుంటారేమోనని ఊరుకున్నాను.

"రేపు పొద్దున రాసిస్తాను," అన్నాడు. "సంతకానికి విలువ ఉండగానే."

అమ్మాయి పరిగెత్తి వెళ్ళి చెప్పిందేమో, మా ఆయన సంచితో వచ్చారు. అప్పటికి బఠాణీలు మెత్తబడిపోయాయి. ఆయన మేనేజరు ఎదురుగానే నా కాలెత్తి తన ఒళ్ళో పెట్టుకుని, ఆ పొట్లాన్ని మోకాలి మీద అద్దారు. పెళ్ళయిన పధ్నాలుగేళ్ళలో నలుగురిలో నా చెయ్యి కూడా పట్టుకోని మనిషి.

"ఉద్యోగం లేదండీ," అన్నాను. "నాకే కాదు. ఎవరికీ లేదు."

ఆయన పొట్లం సర్దారు. "నొప్పి ఎలా ఉంది?"

"ఉంది."

"సరే అయితే," అన్నారు. సరేకి అర్థం ఏమిటని నేను అడగలేదు. అడగకపోవడం నా జీవితంలో అరుదు.

బుధవారం అందరికీ చెప్పారు. దరఖాస్తు ఆ సోమవారమే పోస్టు చేశాను. ఇరవై ఎనిమిది రోజుల్లో పందొమ్మిదో రోజున ఇంకో చోట మూడు నెలల పని దొరికింది, ఆ తర్వాత ఇంకోటి. పాతబస్తీ మనిషికి దొరకలేదు, వెళ్ళిపోయాడు. టీముని మళ్ళీ ఒకచోట చూడలేదు. ఫోటో అయితే తీశారట, నేనూ మేనేజరూ లేకుండా.

ఆ మధ్యాహ్నం మాత్రం ఇంటికి పోదామని ఎవరూ అనలేదు. నన్నూ మేనేజరునీ బెంచీ మీద వదిలి, అమ్మాయి చెయ్యి పట్టుకుని, రంగులరాట్నం ఎక్కితేనే కళ్ళు మూసుకునే మా ఆయన ఆ చెక్క కొండ ఎక్కడానికి వెళ్ళారు. కింద నుంచి చూస్తే బండిలోని మనుషులందరూ ఒకేలా చేతులెత్తి అరుస్తున్నారు. మావాళ్ళు ఏ బండిలో ఉన్నారో తెలియక, వచ్చిన ప్రతి బండికీ నేను చెయ్యి ఊపుతూ కూర్చున్నాను.